యూనివర్సిటీ గేటు ముందు

పొద్దుటినుంచీ యూనివర్సిటీ గేటు ముందు 'ఆ లా ప్రొఫెసర్ని తీసెయ్యండి' అని రాసిన అట్ట పట్టుకుని నిలబడి వచ్చిన కూతురు, చేతులు పైకెత్తలేని తండ్రికి చొక్కా విప్పుతోంది.

"ఇవాళ ఎంతమంది వచ్చారమ్మా?"

"ఇద్దరమే నాన్నా. మిగతావాళ్ళు పరీక్షలంటూ జారుకున్నారు."

"ఆ ప్రొఫెసరు కనిపించాడా?"

"కారాపి మరీ మాట్లాడాడు. 'నేనెవరి మీదా చెయ్యి వెయ్యలేదమ్మా. ప్రభుత్వం అడిగితే న్యాయసలహా ఇచ్చాను, అంతే' అన్నాడు."

"జైల్లో నన్ను చేతులు విరిచికట్టి వేలాడదీసినవాళ్ళూ అంతే. ఇది చిత్రహింస కిందికి రాదని పెద్ద లాయరుగారే చెప్పారు, మాదేం లేదు అన్నారు."

"రేపు నువ్వూ రా నాన్నా. నిన్ను చూస్తేనైనా వాళ్ళ మనసు మారుతుందేమో."

"పోయినేడు వెళ్ళానమ్మా. నీకు చెప్పలేదు. వీసీగారు కుర్చీ వేయించి, కాఫీ ఇప్పించి, అంతా విన్నాడు."

"విని?"

"కళ్ళు తుడుచుకున్నాడు పాపం. ఆయన్ని మాత్రం తీసెయ్యలేం అన్నాడు. ఆయన క్లాసంటే పిల్లలు ఎగబడతారట."

"ఇదంతా తెలిసి కూడా నన్ను రోజూ ఎందుకు వెళ్ళనిచ్చావు?"

"నువ్వలా బయల్దేరుతుంటే, నా తరఫున అడిగేవాళ్ళు ఒకరున్నారనిపించేది. ఇక చాల్లే తల్లీ. రేపు నువ్వూ పరీక్షకి చదువుకో."