ఫోటోల మీద ముద్ర

డోన్ బజారులో నిస్సార్ నడిపే నెట్ సెంటర్, 2008 వేసవి. బండల వ్యాపారి జ్ఞానేశ్వర్ శెట్టి వచ్చి నిలబడ్డాడు, కూర్చోలేదు.

“పొద్దున కొట్టు తెరిచేటప్పుడు నా చేతిలో మూడుండె, నిస్సార్. వెబ్‌సైటు నిండా బండల ఫోటోలు, అవి చూసి సరుకు చెప్తానన్న బెంగళూరు గిరాకీ, నమ్మకమైన పనోడివి నువ్వు. ఇప్పుడు సైటు తెరిస్తే వట్టి తెల్ల పేజీ.”

“కూర్చో శెట్టీ.”

“కూర్చునేకి రాలేదు. ఆ బెంగళూరు బిల్డరు పదకొండుకు సైటు చూస్తాడు. కట్టే అపార్ట్‌మెంట్లకంతా మన బండలే పరుస్తానన్నాడు. తెరిస్తే ఏముండాది? తెల్ల పేజీ మీద సర్వర్ ఎర్రర్, అయిదు వందలంట. ఏం అయిదు వందలు?”

“దుడ్లు కాదులే. సర్వరు చేతులెత్తేస్తే ఆ నంబరు చూపిస్తాది.”

“ఎత్తేసిందా, ఎత్తించినావా?”

“ఏమంటివి?”

“నాగేశ్వరయ్య కొట్టుకు పోతాండావంట కదా. నా ఎదురు కొట్టు, నా పోటీ మనిషి.”

“పోతాండా. ఆయప్ప సైటూ నేనే చూస్తాండా. ఊరందరికీ తెలిసిందే. ముందు చెప్పు, నిన్న ఏం ముట్టుకున్యావు?”

“నేనేం ముట్టుకోలేదు.”

“ఏం ముట్టుకోకుండా సైటు పడిపోదు.”

“ముట్టుకోలేదంటే... ఒకటి ఎక్కించినా. అంతే.”

“ఏం ఎక్కించినావు?”

“ఎక్స్‌టెన్షను. ఫోటోల మీద పేరూ ఫోన్ నంబరూ ముద్ర వేసేది. నా ఫోటోలు ఆ నాగేశ్వరయ్య ఎత్తుకపోయి తన సైటులో పెట్టుకుంటాండాడు.”

“చూసినావా?”

“చూడాల్నా? వాని బుద్ధి నాకు తెలీదా?”

“సరే. ఇదో, దాని ఫోల్డరు తెరిచినా. ఈ ఎక్స్‌టెన్షను యాడిది?”

“సీడీలో ఉన్నింది.”

“సీడీ యాడిది?”

“నువ్వు పని చూడప్పా. టైము అయితాండాది.”

“యాడిదో తెలిస్తే పని తొందరగా అయితాది.”

“చేయించినా. బెంగళూరులో. నా కోసమనే చేయించినా. చాలునా?”

“నువ్వే చేయించినావా?”

“నేను కాక మీ తాత చేయిస్తాడా?”

“మా తాత జోలికి రావద్దు. ఇదో, సర్వరు రాసిపెట్టుకున్న తప్పులు చూడు. నీ ఎక్స్‌టెన్షను ఒక్కో ఫోటో తెరిచి ముద్ర వేయబోయింది. నువ్వేమో కెమెరాలో ఉన్నవి ఉన్నట్లే ఎక్కించినావు, ఒక్కోటీ నీ బండంత బరువు. సర్వరుకిచ్చిన మెమరీ చాల్లేదు. మొదటి ఫోటో కాడనే పడిపాయ.”

“అయితే నీ సర్వరు బక్కది.”

“నీ ఫోటోలు బలిసినాయి. ఆగు, ఆ ఎక్స్‌టెన్షను ఫోల్డరుకు పేరు మారుస్తా. సైటు దాన్ని కనుక్కోలేక వదిలేస్తాది. ఆ, రిఫ్రెష్ కొట్టు.”

“వచ్చె.”

“వచ్చింది కదా. ఇట్లనే ఉండనీ. గిరాకీ చూసుకున్నాక నిదానంగా...”

“ముద్ర యాడ?”

“లేదు. దాన్ని పక్కన పెట్టినందుకే సైటు వచ్చింది.”

“ముద్ర లేకుంటే ఎట్ల? బెంగళూరాయన కంటే ముందు నాగేశ్వరయ్య చూస్తాడు. నాకు ముద్ర పడల్ల.”

“ఈ పూటకు వద్దు శెట్టీ. నా మాట విను.”

“ఎందుకు వద్దు? వానికి దారి పెట్టేకా?”

“ఒకసారి పడితే ముద్ర పోదు. అసలు ఫోటో మీదనే అచ్చయితాది. పాత ఫోటోలు వేరేగా యాడన్నా దాచినావా?”

“యాడ దాచేది? కొత్త సరుకు తీసేకని కెమెరా కార్డు చెరిపేసినా.”

“బ్యాకప్ తీసి పెడతానంటి పోయిన నెల. వద్దంటివి.”

“ఏమీ కాకముందే ఏదో అయితాదని బెదిరిచ్చేది నీకు అలవాటు. మెమరీ పెంచేకి అయితాదా, కాదా?”

“అయితాది.”

“అయితే పెంచు.”

“ఇంకొక్కసారి అడుగుతాండా. ఆ సీడీ యాడిది?”

“మళ్లా అదే. పోలీసోడివా నువ్వు? నా పేరే పడతాది కదా?”

“చేయించినోళ్ల పేరు పడతాది. నువ్వే చేయించినానంటివి.”

“నేనే. పెంచు.”

“పెంచినా. ఫోల్డరుకు పాత పేరు పెట్టినా. ఇంగ రిఫ్రెష్ కొట్టు. నీ చేత్తోనే కొట్టు.”

“తిరుగుతాండాది... తిరుగుతాండాది... వచ్చె. ప్రతి బండ కింద ఎర్రగా పడింది, చూసినావా? వద్దు వద్దంటివి.”

“పెద్దది చేసి చదువుకుంటావా?”

“చదివేదేముండాది? నా పేరు నాకు తెలీదా? ఇప్పుడు టీ చెప్పు, కూర్చుంటా.”

“ఇదో టీ. తాగు.”

“పని అయినాక తాగితే టీకి రుచి ఉంటాది, నిస్సార్. నీ మీద అరిచినానని... ఆగు, ఫోను. బెంగళూరే. హలో, చెప్పండి సార్. చూసినారా? సంతోషం సార్. ఖాయం చేసినారా? ఎవరితో సార్? కాదు సార్, నేను బ్రోకర్ను కాదు, బండలు నావే. ఆయనెవరు యజమాని? ఫోటో మీదుండే నంబరుకు ఫోన్ చేసినారా? సార్... సార్, ఒక్క నిమిషం... పెట్టేసె.”

“పెద్దది చేసినా. ఇప్పుడు చదువు.”

“నాగేశ్వరయ్య అండ్ సన్స్... బండల వ్యాపారం, డోన్... ఇది వాని నంబరు.”

“అన్నిటి మీదా అదే.”

“తీసెయ్.”

“పోదని చెప్తి.”

“వీనెమ్మ సీడీ.”

“సీడీని తిడితే ఏమొస్తాది? యాడిదో ఇప్పుడన్నా చెప్పు.”

“వాని బల్ల మీద ఉన్నింది. ఫోటో ముద్ర అని పైన రాసుండె. వాడు లోపలికి పోయినాడు, నేను... వాడు నా ఫోటోలు ఎత్తుకపోతాడనే కదప్పా తెచ్చినా.”

“ఊఁ.”

“గిరాకీ వాని కాడికి పాయ. ఫోటోలు వానివయిపాయ. పొద్దున ఉన్న మూడిట్లో నువ్వొక్కనివే మిగిల్తివి, నిస్సార్.”

“నన్ను ఆ లెక్కలో వేసుకోవద్దు శెట్టీ. ఆ సీడీ ఆయప్పకు చేసిచ్చింది నేనే. ఫోల్డరు తెరవంగానే నేను రాసిన ప్రోగ్రామేనని తెలిసె. యాడిదని అన్నిసార్లు అడిగింది అందుకే.”