తలారి ఇచ్చిన పేరు

కదిరి దగ్గరి పల్లె, ఎండ మండిపోతున్న మధ్యాహ్నం. రేపు ఎం.ఏ. చరిత్ర పరీక్ష రూతుకి. ఇవాళ ఆ పాఠం వినే శిక్ష ఆమె తండ్రికి, ముప్పై ఏళ్ళుగా ఇంటింటికీ కబురు మోసే ఊరి తలారి అయిన ఐజాక్‌కి.

"మళ్ళా చెప్పు పాపా. ఇంగ్లండులో తుపాకి వచ్చినాక ఏమైనాదంటివి?"

"యెన్నిసార్లు చెప్పల్ల నాయనా! అంతకుముందు వాల్లకు విల్లు. మనిషంత పొడుగుది. అది లాగల్లంటే చిన్నప్పటినుంచీ నేర్చుకోవల్ల, భుజాల్లో సత్తువ ఉండల్ల. తుపాకికి అదేం అక్కర్ల్యా. నాలుగు వారాలు నేర్పిస్తే ఎవడైనా సాలు."

"ఎవడైనా సాలా?"

"లెక్కకు మనిషుంటే సాలు."

"ముసిలోడైనా?"

"పరీక్షలో అట్లా అడగర్లే. నువ్వు సంచి యాడికి సర్దుతాండావు?"

"కదిరికి. నాలుగు గంటల బస్సుకు."

"కదిరికి దుప్పటెందుకు?"

"చలి."

"ఏప్రిల్లోనా?"

"నువ్వు చదువుకో పాపా! దుప్పటితో నీకేం పని? ఆ తుపాకుల దండుకు మనుషుల్ని ఎవరు పట్టిచ్చేది, అది చెప్పు."

"రాజు జిల్లాకు ఇంతమంది అని అడుగుతాడు. జిల్లాలో పెద్దదొర ఊర్లకు పంచుతాడు. ఊర్లో పేర్లు రాసిచ్చేది కానిస్టేబులు."

"పోలీసా?"

"పోలీసు గాదు. ఆ ఊరోడే. మన తలారి మాదిరి."

"ఆ నీల్ల చెంబు ఇట్లియ్యి."

"ఇంద, తాగు."

"ఆ తలారి... ఎవరి పేర్లు రాసేటోడు?"

"భూములుండేటోల్లు ఏదో ఒకటి చెప్పి తప్పిచ్చుకుంటారు. కూలోడు, దిక్కులేనోడు, తనకు గిట్టనోడు, వాల్ల పేర్లే రాసేది."

"రాయకుంటే?"

"వాని మింద జుల్మానా. ఒక్కోసారి వాన్నే లోపలేస్తారు."

"మరి వాడేం చేస్తాడు పాపా! వానికీ పిల్లోల్లు ఉంటారు గదా."

"వాని తరఫున నువ్వెందుకు మాట్లాడతాండావు?"

"ఊరికే అంటి. ఆ దండు మారల్యా మరి?"

"మారినాది. కొత్త సైన్యం కట్టినారు. జీతం, ఎర్రకోటు, కవాతు. గుర్రాలోల్లు ఇష్టపడి వచ్చినారు. కాలిబంట్లను మటుకు సగం మందిని అప్పుడూ ఈడ్చుకొచ్చే నిలబెట్టినారు."

"అంతేలే. కోటు మారినాది. ఈడా అంతే. మన ఊరి పెద్ద పుల్లన్న నాయన కాలంలో కొట్లాటకు బరిసెలు. బరిసె పట్టల్లంటే దమ్ముండల్ల, మీ విల్లు మాదిరి. ఆపైన బాంబులు వచ్చె. గడ్డి కోసేటోడు గూడా ఇసిరినాడు. ఇప్పుడు కేసులు. చేతులే అక్కర్ల్యా. పేరొకటి సాలు."

"ఆ పేరు కోసమే గదా పొద్దున పుల్లన్న మనిషి వచ్చింది?"

"ఎవరు చెప్పినారు నీకు?"

"కొత్తచెరువు దోవలో భూమి కొలిచేకి వచ్చిన సర్వేయరును పుల్లన్న కొడుకు హర్ష రాయితో కొట్టినాడు. ఆయప్ప నిన్న ఆస్పత్రిలో పానం ఇడిచినాడు. ఊరంతా చూసినాది."

"ఊరేం చూడల్యా."

"అవున్లే. చూసినోల్లంతా పుల్లన్న కూలోల్లే. అందుకే కొట్టింది నేనేనని చెప్పేకి ఒకడు కావల్ల. సాయంత్రంలోగా కదిరి పోలీసు స్టేషన్లో లొంగిపోవల్ల. ఎవర్ని అడిగినాడు? కుళ్ళాయప్పనే గదా?"

"వానికి నాయన లేడు, అడిగేటోడు లేడు, వాని పేరియ్యి అన్నాడు."

"వానికి నాయన ఎందుకు లేడు? చెప్పు నాయనా. వాల్లమ్మ పెద్దక్క నాకంతా చెప్పినాది. అప్పుడు పుల్లన్న కొట్లాటలకు ఇంటికొకర్ని పిల్చేది నువ్వే. మన ఇంటి వంతు వచ్చిననాడు నువ్వు పోల్యా. పోయి కుళ్ళాయప్ప నాయన లక్ష్మన్న తలుపు తట్టితివి."

"నువ్వు పుట్టి మూడో దినం పాపా."

"కుళ్ళాయప్ప నాకంటే నెల పెద్ద! వాడు మటుకు బిడ్డ గాదా?"

"లక్ష్మన్న ఎందుకని గూడా అడగల్యా. సద్దిముద్ద సగంలో ఇడిచి, చెయ్యి కడుక్కోని వచ్చె. వాడు ఆడ బాంబు తగిలి సచ్చిపోయినప్పుడు నేనీడ నీ ఉయ్యాల ఊపుతాంటి. ఇరవైమూడేండ్లు. దినామూ కొళాయి కాడ పెద్దక్క ఎదురుపడతాది. ఒక్క మాట అనల్యా. తిట్టింటే బాగుండు."

"పుల్లన్నకు ఏం చెప్పినావు?"

"ఫోను చేసి పేరు చెప్పేసినా."

"చెప్పేసినావా! థూ! తండ్రిని మింగితివి, కొడుకునూ మింగితివి. నీ కూడు తిని చదివినందుకు నాకు సిగ్గైతాంది. పెద్దక్క మొగం ఎట్లా చూడల్ల నేను?"

"తిట్టు. ఆయమ్మ తిట్టకుండా మిగిలిచ్చినవి గూడా నువ్వే తిట్టు."

"పుల్లన్న నీకేం పెడతాడని? నీ నోటికి ఆ పేరెట్లా వచ్చినాది?"

"మొదట రాల్యా. రెండుసార్లు ఫోను పెట్టేసి, మళ్ళా చేస్తి. హర్ష గాకుంటే ఎవడైనా ఒకటే అన్నాడు పుల్లన్న. అదో, మలుపు కాడ బస్సు హారను. ఆ తెల్ల చొక్కా ఇట్లియ్యి."

"వాన్ని స్టేషనుకు నువ్వే తోలుకోని పోతావా? నేను పోనీను. ఇప్పుడే పోయి కుళ్ళాయప్పకు చెప్తా."

"వాడు చేన్లో పని చేసుకుంటాండాడు. చేసుకోనీ, పిలవద్దు."

"వాడు రాకుండా నువ్వొక్కడివే పోయి ఏం చేస్తావు?"

"చెయ్యి ఇడువు పాపా, బస్సు పోతాది. రేపు పరీక్ష బాగా రాయి. ఒగటి చెప్పు. మీ పుస్తకంలో ఆ దేశపు తలార్లు అంతమంది ఉండారు గదా, తన పేరు తానే ఇచ్చినోడు ఒక్కడన్నా ఉండాడా?"