నాలుగేళ్ళుగా వినని పేరు

అయోవాలో శనివారం మధ్యాహ్నం. నేస్తానికి సగం గడ్డం గీసి, కత్తి చేతిలో ఉండగానే టీవీ వైపు తిరిగాడు సెలూన్ ఆయన. అమెరికన్ ఫుట్‌బాల్ పెద్ద జట్లు కాలేజీ ఆటగాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్ చివరి రౌండుకొచ్చింది.

“మన కాలేజీవాడేరా! వెండెల్ ఓకర్లండ్ అట. ఎవడ్రా వీడు?”

“నలభై ఏడో నెంబరు. కిక్ కొట్టేవాడికి వంగి, కాళ్ళ సందులోంచి బంతి వెనక్కి విసిరేవాడు.”

“నాలుగేళ్ళలో ఒక్క ఆట వదల్లేదు నేను. వాడి పేరే వినలేదే!”

“ఎలా వింటావు? బంతి తప్పుగా విసిరితేనే మైకులో వాడి పేరు చెప్పేది.”

“నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదా?”

“ఒక్కసారి కూడా.”

సెలూన్ ఆయన కత్తి పక్కన పెట్టాడు. మెల్లగా టోపీ తీశాడు.

“ఒరేయ్, సబ్బు ఆరిపోతోంది!”

“ఆరనీరా. ఆ పేరు ఇంకోసారి చెప్తారేమో, విననీ.”