అలకని గోడ

"అమ్మమ్మా, పండగొచ్చేస్తంది. ఈ ఎనక గోడ ఒక్కటీ ఎందుకు అలకనివ్వవు? అందరూ నవ్వుతున్నారు."

నవ్వనీ, ఏటవుద్ది. ఆ మన్ను తట్ట కిందెట్టి కూకో, సెప్తాను.

మీ అమ్మకి అక్కుండేదే, బుద్రి. మీ అమ్మ అప్పటికి నా సంకలో పిల్ల. బుద్రి హాస్టల్లో ఉండి ఐదు, కాదు కాదు, ఆరు సదివేది. సెలవలకొస్తే ఆ గుంట పిల్లకి పనల్లా పురుగులే. కంచె మీద ఈసరి తీగుంది సూడు, పాము కరిస్తే దాని యేరు నూరి పట్టేవోరు. ఆకు సేదు, మేక కూడా ముట్టదు. ఆ ఆకే తింటాయి ఆ గొంగలి పురుగులు. నల్లగా, ఒళ్లంతా ఎర్ర బుడిపెలు, నడుంకి తెల్ల పట్టీ. ఏరే ఆకేస్తే సస్తాయి గానీ తినవు. సీమలు పీకేస్తాయని వాటిని ఎదురు బుట్టలో పెట్టి, నా పాత కోక కప్పి, పొద్దున్నే కొత్తాకేసేది. నీ తిండి మానేసి పురుగుల్ని మేపుతావేటే అని తిట్టీదాన్ని. అవే మరి సీతాకోక సిలకలయ్యీవి.

ఆ యేడు ఏడు పురుగులు బుట్ట దాటొచ్చి ఈ గోడకి గూళ్లు కట్టినాయి. మట్టి రంగే, సూస్తే మట్టి పెడ్డ అనుకుంటావు. బుద్రి బడికెల్తా ఎల్తా సెప్పింది, "అమ్మా, ఆదివారమొస్తాను, అందాకా గోడ ముట్టకు" అని. సర్లెమ్మన్నాను.

ఆదివారం రానేదు. జొరమన్నారు, మలేరియా అన్నారు. మీ తాతెల్లి డోలీలో మోసుకొచ్చీసరికి ఒంట్లో ఏటీ నేదు. రెండో రోజుకి పోయింది.

మైల తీరాలంటే ఇల్లంతా అలకాలి కదా. ఆడోళ్లందరూ ఎర్రమన్ను తెచ్చినారు. ఇప్పుడంటే సంతలో కొంటన్నారు గానీ, అప్పుడు కొండకెల్లి తవ్వుకునీవోలం... ఆఁ, ఏటంటన్నాను? ఈ గోడ నేనే అలికినాను. ఏడుస్తా అలికినాను. గూళ్లు సేతికి తగిలినాయి, పెడ్డలనుకొని అదిమి మెత్తీసినాను. మూడో నాడు కాళీ బుట్ట కనబడితే గుర్తొచ్చింది. గోళ్లతో గీకినాను. ఒక్కటీ బతకనేదు. పిల్లని జొరం తీసుకెల్లింది, దానికి నేనేటి సేస్తాను. ఇది మాత్రం నా సెయ్యే. అది నన్నడిగిందల్లా ఆ ఒక్కటే.

అప్పట్నించి బుట్ట నేనే పెడతన్నాను. అలకని ఇంటికి దేవత రాదంటారు. రాకపోతే మానీ.

ఇప్పుడు నాకు కళ్లు ఆనవు. సూరు కింద నాలుగు గూళ్లుండాలి, నువ్వు సూడు. సీలి కాళీగా ఉంటే ఎగిరిపోయినట్టు, లెక్కెట్టి సెప్పు. సీలకుండా ఎండిపోయి ఉంటే మాత్రం నాతో సెప్పకు. మూడు గోడలూ అలుక్కో తల్లీ, నూరేళ్లు బతుకు.

సూసినావా?

ఏటే, పలకవు?