విమానం రేకుకి గేటు రంగు

సభాధ్యక్షులు, మన ప్రిన్సిపాల్ ప్రసాదరావు గారికి, నాకు శాలువా కప్పిన పెద్దలకి, తోటి అధ్యాపకులకి, భోజనాల కోసం ఇంత ఓపిక పట్టిన విద్యార్థులకి నమస్కారం.

కెమిస్ట్రీ మేష్టారు కృపావరం సౌమ్యుడు, ఎవరి మాటా కాదనలేదు అని ఇందాక ప్రిన్సిపాల్ గారు సెలవిచ్చారు. ఒకసారి కాదన్నానండి. అది ఆయన మర్చిపోయారంటే ఎంత పెద్ద మనసు. (నవ్వులు)

2004లో హైదరాబాదు నుంచి ఒక రంగుల కంపెనీ వారు, విమానాలకి వేసే కొత్త రంగు తుప్పును ఏమాత్రం ఆపుతుందో చెప్పమని, ఆ రంగు పూసిన అల్యూమినియం రేకులు మన తాడేపల్లిగూడెం కాలేజీకి పంపారు. రేకు మీద కావాలనే ఒక గీత గీసి, ఉప్పునీళ్లలో ఉంచి, కొద్దిగా కరెంటు పంపి, రంగు దాన్ని ఎంత అడ్డుకుంటోందో రోజూ కొలవాలి. గీత దగ్గర నీరు రంగు కిందికి పాకిందంటే అంకె పడిపోతుంది.

సరిగ్గా అప్పుడే మనకి ఇన్‌స్పెక్షన్ వచ్చింది. ఇన్‌స్పెక్షన్ అంటే మన దగ్గర కదలని ప్రతిదానికీ రంగు వేయడమే కదా. గోడలు, బెంచీలు, కొబ్బరిచెట్ల మొదళ్లు అయ్యాక, పెయింటరు జోగారావు ల్యాబులోకొచ్చి, పాపం ఎవరో రేకులు గీకేశారని జాలిపడి, గేటుకి వేయగా మిగిలిన ఆకుపచ్చ ఎనామిల్ వాటికి శుభ్రంగా రెండుసార్లు పూసేశాడు. ఆ వారం నేను ఏలూరు ఆసుపత్రిలో మా ఆవిడ హన్నమ్మ దగ్గరున్నాను. నా జూనియర్ మధుబాబు, ఇవి పచ్చగా ఎందుకున్నాయని ఎవరినీ అడక్కుండా, ఉప్పునీళ్లలో పెట్టి రీడింగులు తీసేశాడు. వెనక వరసలో దాక్కోకు నాయనా, ఇప్పుడు నువ్వు హెడ్డువి. (నవ్వులు)

అంకెలు అమోఘంగా వచ్చాయి. ప్రిన్సిపాల్ గారు ఇన్‌స్పెక్షన్ వారికి చెప్పేశారు, పేపర్లో ఫొటో కూడా పడింది. నేనొచ్చి చూసి, ఇవి విమానం రంగు అంకెలు కావండీ, మన గేటు రంగువి, మళ్లీ చేస్తానన్నాను. ఆయన ఎంతో మర్యాదగా చెప్పారు.

"ఆ విమానాలేవీ మన గూడెంలో దిగవు కదండీ కృపావరం గారూ. సంతకం పెట్టేయండి."

పెట్టలేదండి. జోగారావు చెయ్యి పడకుండా మిగిలిన రేకులతో మళ్లీ చేశాను. నెల తిరక్కుండానే రంగు పొక్కులు లేచి ఊడిపోయింది. ఆ మాటే రాసి పంపితే, కంపెనీ వారు ఆ రంగే మానుకున్నారు. మనకి మళ్లీ ప్రాజెక్టు రాలేదు, నాకు ప్రొఫెసర్ పోస్టూ రాలేదు. నా నిశితదృష్టిని మెచ్చి హాస్టల్ మెస్ అప్పగించారు. ఆకివీడు చేపల మొప్పలెత్తి చూసే భాగ్యం కలిగింది. (నవ్వులు) నవ్వండి గానీ, చాలా బాధపడ్డానండి. ఆ ఏడాదంతా స్టాఫ్ రూములో నా పక్కన కూర్చుని టీ తాగినవారు లేరు.

ఎల్లుండి ప్రిన్సిపాల్ గారు మనవరాలు మనస్విని తీసుకుని గన్నవరంలో మొదటిసారి విమానం ఎక్కుతున్నారని ఇప్పుడే విన్నాను. ఏవండీ, పాపని రెక్క పక్క కిటికీ దగ్గరే కూర్చోబెట్టండి. ఆ రెక్కకి కంపెనీ వారు మానుకున్న ఆ రంగు ఉండదు. భయం లేకుండా వెళ్లి రండి.

అందరికీ కృతజ్ఞతలు. ఇక సెలవు.