గండభేరుండం ఎడమ తల

రజాకార్ల తుపాకికి కొడుకు మాసన్న పోయి ఏడాదైంది. పోలీసు చర్య అయ్యాక కొల్లాపూర్ పక్క ఊరివాళ్లు మళ్లీ పాట పెట్టమన్నారు. రెండు తలల పక్షి గండభేరుండం మీద నాలుగు కిన్నెరలకు పాట కట్టిన ముసలాయన, తన కిన్నెర భుజాన వేసుకుని, కొడుకు కిన్నెర కోసం కోడలి గుడిసెకు వచ్చాడు. ఆమె తడిక చాటునుంచే దాన్ని అందించింది.

“మాసన్న జాగల ఇంకొకన్ని కూసోబెడత బిడ్డా.”

“ఎడమ తల కొత్తోనికి వస్తదా మామా?”

“నేర్పుత. రెండు కిన్నెరలు రెక్కలు, ఇంకో రెండు తలలు. కుడి తల నాది. తలలు రెండు కొట్లాడకుంటె గది గండభేరుండమే కాదు. ముందుగాల ఊడిన మెట్లకు మైనం పెట్టాలె...”

మెట్ల మీద వేలు పెట్టి, తీగ మీటి ఆగిపోయాడు.

“మైనం ఎండలే. శ్రుతి గూడ దిగలే.”

తడిక వెనక ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

“ఎవరు వాయిస్తున్నరు బిడ్డా?”

“తప్పే మామా. మనింట్ల ఆడోళ్లు కిన్నెర ముట్టరని ఎరికె.”

“మరెందుకు ముట్టినవ్?”

“ఆయన వాయించిన తీరు మర్చిపోత అని భయమైంది.”

ముసలాయన చాలాసేపు ఆ మైనాన్నే తడిమాడు. తర్వాత తడిక పక్కకు జరిపి, కొడుకు కిన్నెర ఆమె ఒడిలో పెట్టి, ఎదురుగా కూర్చుని తన కిన్నెర ఎత్తుకున్నాడు.

“కుడి తల కోపంగ అందుకుంటది. నువ్వు ఎదురు జెప్పాలె బిడ్డా. మామనని తగ్గకు.”