ఆపితేనే బుడగ

గ్యాస్ తగ్గిందిట! వింటున్నావుటే? నువ్వు పడుకున్న ఈ అద్దాల ఫ్రీజరు పెట్టె అద్దెకిచ్చినవాడు సిలిండరు చంకనేసుకొచ్చి మరీ చెబుతున్నాడు. వాడితే అయిపోవడానికి అదేమన్నా స్టవ్ గ్యాసా? లోపల తిరిగిందే తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాటే. చిల్లికుండలో వాడు పోస్తాడట, నేను చూస్తూ కూర్చోవాలట.

నిన్న నువ్వు పోయినప్పట్నుంచీ చూస్తూనే ఉన్నా. మోటారు ఊపిరి తీసుకోకుండా కొట్టుకుంటోంది. నీ తలవైపు గొట్టానికి కాస్త మంచు, కాళ్ళవైపు చెమటైనా లేదు. గ్యాస్ చాలకపోతే అంతే. కోల్డ్ స్టోరేజీలో జీవితం గడిపినవాణ్ణి, నాకు చెబుతాడా?

అమ్మాయి వచ్చేసరికి సాయంత్రమవుతుంది. "అమ్మ మొహం చూడాలి నాన్నా, అప్పటిదాకా ఉంచు" అంది. ఉంచుతానన్నాను.

అందుకే ముందు మోటారు ఆపమన్నాను. నీ తమ్ముడు ఒక్క గెంతు గెంతాడు. "మతి పోయిందా బావా? అక్క పాడైపోదూ!"

పాపం, వాడికేం తెలుసు? నడుస్తున్నంతసేపూ ఆ గొట్టంలో ఒత్తిడి ఉండదే. సబ్బు నురగ ఎంత పూసినా కారేచోట బుడగ రాదు. ఆపి, కాస్త ఆగితే, లోపలిది బయటికి తన్నుకొస్తుంది.

నీ ఒంటిసబ్బే గిన్నెలో చిలికాను. కోప్పడకు, కొంచెమే అరిగింది. నువ్వు మటుకు ఫ్రిజ్‌లో మంచు కత్తితో గీకి గొట్టానికి చిల్లి పెట్టలేదూ? ఆ రోజు నిన్ను ఒక్క మాటన్నానా? అన్నాన్లే. చాలానే అన్నాను.

నీ కాళ్ళ దగ్గరి నట్టు మీద లేచింది బుడగ. ఆవగింజంత. దానికీ ఇంత రభస! బిగించి మళ్ళీ పూశాను, రాలేదు. అప్పుడు పోయమన్నాను గ్యాస్, అదీ తూచి. ఎక్కువైనా చల్లబడదని నీకు ఎన్నిసార్లు చెప్పాను? వినేదానివి కాదు. ఇవాళ బాగా వింటున్నావు.

ఇప్పుడు గొట్టం పొడవునా మంచు కట్టింది. అమ్మాయి చూస్తుంది. ఫరవాలేదు.

వంటింట్లో నీ తమ్ముడి గుసగుసలు వినపడుతున్నాయిటే? "బావ కంట్లో ఒక్క చుక్క లేదు, బండరాయి" అంటున్నాడు.

ఏం చెప్పను? ఇంకా నడుస్తున్నాను కదా. కుర్చీలు, టీలు, ఈ నట్టు. రేపు నిన్ను తీసుకెళ్ళాక, వీళ్ళంతా ఎవరిళ్ళకి వాళ్ళు పోయాక, ఆగుతాను. అప్పుడొస్తుందేమో.

రాకపోతే రాకపోయిందిలే. గ్యాస్ మొత్తం పోయిన గొట్టానికీ బుడగ రాదు.